ఎక్కడ నిలబడ్డారో అడుగు

చిట్టితల్లికి తాతయ్య దీవించి రాసేది. మేమిక్కడ బాగానే ఉన్నాం. నా మోకాలి సంగతి అడగొద్దు, అది దాని దారిన అది ఉంది.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి నన్ను దులిపేసింది. నువ్వు ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టావనీ, విశాఖలో మకాం వేసి పాత నేవీ వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తావనీ, ఇదంతా నా నిర్వాకమేననీ. "చిన్నప్పుడు దానికి రాముడి కథ చెప్పమంటే బోయిలర్ల కథ చెప్పావు, ఇప్పుడు చూడు" అంది. నోరు మూసుకుని విన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అమ్మమ్మ నా మొహం చూసి, "కూతురు ఏడుస్తుంటే ఆ ముసిముసి నవ్వులేమిటి" అని కసిరింది. సరే, సంతోషంగానే ఉంది. దాచుకోవడం ఎందుకు. మా నేవీ బ్యాచ్‌లో మిగిలిన వాళ్లలో ఒక్కడి మనవడు గానీ మనవరాలు గానీ "తాతా, ఆ రోజుల్లో ఏం జరిగింది" అని అడిగిన పాపాన పోలేదు. కానీ సంతోషం వెనకే గుబులు కూడా వచ్చి కూర్చుంది. ఫోన్లో చెబితే నువ్వు ఊఁ కొడుతూ రెండో చేత్తో లాప్‌టాప్ కొట్టుకుంటావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నీకు తెలిసినవే. ఫోను ఒకటి, రికార్డరు ఒకటి, రెండూ పెట్టు. ఫ్యాను కింద కూర్చోకు, రికార్డింగంతా గాలి చప్పుడే వస్తుంది. పొద్దున పది నుంచి పన్నెండు లోపు వెళ్లు, భోజనాలయ్యాక ఎవడూ మేలుకుని ఉండడు. స్వీట్లు పట్టుకెళ్లకు, సగం మందికి షుగరు, బత్తాయిలు పట్టుకెళ్లు. వాళ్లు చెప్పింది ఎవరు వింటారో, ఎక్కడ దాస్తావో ముందే చెప్పి కాగితం మీద సంతకం తీసుకో. బోయిలర్లు నడిపే స్టోకర్లూ, గన్నర్లూ అయితే ఏ చెవి పనిచేస్తుందో కనుక్కుని ఆ పక్కన కూర్చో. ఏళ్ల తరబడి ఇంజిన్ రూముల్లో, ఫిరంగుల పక్కన ఉన్న చెవులు. వినబడలేదని అరవకు, నిదానంగా మాట్లాడు. అరిస్తే కసురుతున్నావనుకుంటారు.

ఇక అసలు సంగతి. నువ్వు వాళ్లని మొట్టమొదట అడగాల్సిన మాట ఇది: "ఆ టైముకి మీరు షిప్పులో ఎక్కడున్నారు?" 71లో పాకిస్తాన్‌తో యుద్ధం ఎలా జరిగిందన్నది తర్వాత.

ఓడ బయట నుంచి చూసేవాళ్లకి ఒకటే. లోపలున్నవాడికి వాడి కంపార్ట్‌మెంటే ఓడ. యుద్ధానికి సిద్ధం కమ్మని యాక్షన్ స్టేషన్స్ అలారం మోగిందంటే ఎక్కడి తలుపులు అక్కడ బిగించేస్తారు. రాడార్ దగ్గరున్నవాడికి తెర మీది చుక్కలు, సిగ్నల్ వాడికి మోర్స్ కూతలు, మ్యాగజైన్‌లో, అంటే మందుగుండు గదిలో ఉన్నవాడికి పైకి అందించాల్సిన గుండ్లు. వంటవాళ్లూ స్టూవర్డులూ కూడా ఆ వేళ గరిటె పక్కన పెట్టి గాయపడ్డవాళ్లని మోసే పార్టీలోనో, మందుగుండు అందించే పార్టీలోనో ఉంటారు. విమానాలు మోసే విక్రాంత్ లాంటి ఓడలో వెయ్యి మందికి పైగా ఉండేవాళ్లం. అంతమందిలో బయట ఏం జరుగుతోందో కళ్లతో చూసినవాళ్లు చాలా కొద్దిమంది. మిగతా వాళ్లందరి యుద్ధం ఇనప గోడల మధ్యే జరిగింది. ఆ గోడల మధ్య జరిగింది చెప్పించావా, నీ సెలవు దండగ కాలేదు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను.

నాతో పాటు లోనావలాలో, ఐఎన్‌ఎస్ శివాజీలో ట్రైనింగైన శ్రీకాకుళం వాడొకడు ఉండేవాడు. పేరు రాయను, వాడి పిల్లలు ఇక్కడే గాజువాకలో ఉన్నారు. 71 యుద్ధంలో వాడు విక్రాంత్ మీద స్టోకరు. విక్రాంత్ సంగతి నీకు చెప్పే ఉంటాను. బ్రిటిష్ వాళ్లు సగంలో ఆపేసిన 'హెర్క్యులీస్' అనే ఓడని మనవాళ్లు కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి, 1961 మార్చి 4న నౌకాదళంలోకి తీసుకున్నారు. దానికి నాలుగు బోయిలర్లు. యుద్ధానికి కొన్ని నెలల ముందు అందులో ఒకదానికి పగులు కనిపించింది. మిగతా మూడింటి మీదా భారం వెయ్యడానికి భయమే. ఇరవై నాలుగు నాట్ల వేగం అందుకోవాల్సిన ఓడకి అంత జోరు వద్దని కట్టడి పెట్టారు. విమానాలు మోసే ఓడకి వేగమే ప్రాణం. ఎదురుగాలిలోకి అది ఎంత జోరుగా పోతే విమానం అంత తేలిగ్గా లేస్తుంది. ఆ కుంటి నడకతోనే 1971 డిసెంబర్ 4న అండమాన్ల వైపు నుంచి పైకి వెళ్లి కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద సీ హాక్ విమానాలతో దాడి చేశారు.

ఆ వేళ మావాడు బోయిలర్ రూములో ఉన్నాడు. తర్వాత నాకూ ఆ ఓడ మీద డ్యూటీ పడింది కాబట్టి ఆ చోటు నాకు తెలుసు. అక్కడ నుంచి ఆకాశం ముక్క కూడా కనబడదు. చెమటకి ఓవరాల్ ఒంటికి అతుక్కుపోతుంది, చేతిలో కాటన్ వేస్ట్ లేకుండా ఏ వాల్వూ ముట్టుకోలేం, పక్కవాడితో మాటలుండవు, సైగలే. ఇప్పుడొక సంగతి గమనించు. డెక్ మీద నుంచి విమానాన్ని ముందుకు విసిరే కాటపుల్ట్ కూడా ఆవిరితోనే నడిచేది. విమానం లేచినప్పుడల్లా అది ఆవిరిని గుంజుకుంటుంది, కింద ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు పడుతుంది, మళ్లీ దాన్ని పైకి తేవాలి. మావాడు ముల్లు పడ్డప్పుడల్లా వేలి మీద ఒకటి లెక్క పెట్టుకునేవాడట. విమానాలు తిరిగొచ్చి దిగేటప్పుడు ఆ అదురు ఇంజిన్ల రొదలో చెవికి అందకపోయినా కాళ్లకి తెలిసేది. అదీ లెక్కే. వెళ్లినవన్నీ వచ్చాయా లేదా అని ఈ చేతి వేళ్లూ ఆ చేతి వేళ్లూ సరిచూసుకునేవాడు. "నానేటి సూసినాను బావూ? గేజి ముల్లు సూసినాను. ముల్లులోనే అన్నీ సూసినాను" అనేవాడు. మెస్‌లో రాత్రి పూట వాడు ఆ వేళ్లు ముడుస్తూ చెబుతుంటే, ఆ పైలట్ల మొహాలు ఒక్కటీ తెలియని వాడు వాళ్ల కోసం ఎంత బితుకుబితుకుమన్నాడో మాకు ఒళ్లు జలదరించేది.

తర్వాత 1996 వచ్చింది. యుద్ధానికి పాతికేళ్లు. బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం కట్టింది కూడా ఆ ఏడే. ఊరంతా నేవీ ముచ్చట్లు. ఒక పత్రిక కుర్రాడు మావాడిని వెతుక్కుంటూ వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మర్యాదస్తుడే, చెప్పులు బయట విప్పి వచ్చి, పెద్దవాళ్లకి దణ్ణం పెట్టాడు. మొదటి ప్రశ్నే, "కాక్స్ బజార్ తగలబడుతుంటే మీకెలా అనిపించింది సార్?" మావాడు "నేను కిందున్నాను బాబూ" అన్నాడు. "అదే సార్, పైకి వచ్చాక?" "పైకి వచ్చేసరికి పొద్దు వాలింది." "పొగైనా కనిపించి ఉంటుంది కదా సార్, ఆకాశం ఎర్రగా?" మావాడు వట్టి మొహమాటస్తుడు. ఇంటికొచ్చినవాడు, కాఫీ తాగినవాడు, కాదంటే చిన్నబుచ్చుకుంటాడనుకున్నాడు. "ఉండే ఉంటుంది" అన్నాడు. గేజి ముల్లు గురించి రెండుసార్లు ఎత్తబోయాడు. కుర్రాడి పెన్ను అప్పుడు కదల్లేదు, నేను చూస్తూనే ఉన్నాను.

ఆదివారం పేపర్లో ఫొటోతో వచ్చింది. కాక్స్ బజార్ మంటల్ని కళ్లారా చూసిన విశాఖ వీరుడట. పైన డెక్ మీదున్నవాడికి సైతం ఆ ఊరు కనిపించేంత దగ్గరలో లేదు ఓడ! క్యాంటీన్ దగ్గర పాత విక్రాంత్ వాళ్లు పట్టుకున్నారు. "ఏరా, బోయిలర్‌కి కిటికీ ఎప్పుడు పెట్టించావు?" ఆ రోజు నుంచి వాడి పేరు 'కాక్స్ బజార్' అయిపోయింది. కొన్నాళ్లు సిగ్గుపడి క్యాంటీన్ వైపే రాలేదు. తర్వాత మనవడి స్కూలు వాళ్లు రిపబ్లిక్ డేకి పిలిచారు. వాళ్లు చదివింది పేపర్లోదే కాబట్టి పేపర్లోదే చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏటేటా పిలిచారు, ఏటేటా మంటలు పెద్దవయ్యాయి. చివరికి ఒకసారి నాకే చెప్పడం మొదలుపెట్టాడు, రంగులతో సహా. "గేజి ముల్లేమయిందిరా" అన్నాను. నా వైపు అదోలా చూసి, "అదెవడిక్కావాలి" అన్నాడు.

కరోనా రెండో విడతలో పోయాడు. ఇప్పుడు ఆ ముల్లు మాట నేను చెప్పాలి, నేను చెబితే అది విన్నమాటే తప్ప సాక్ష్యం కాదు. ఆ కుర్రాడు చెడ్డవాడని అనను. కథ ముందే రాసుకుని వచ్చి దానికి మనిషిని వెతుక్కున్నాడు, అంతే. నువ్వు గానీ ఆ పని చేశావో, మనవరాలివని కూడా చూడను. "అయి ఉంటుంది కదా", "చూసే ఉంటారు కదా" లాంటి మాటలు నీ నోట రాకూడదు. వాళ్లు ఆగితే నువ్వూ ఆగు. గడియారం చూడకు. వయసు మళ్లినవాడు ఆగాడంటే అయిపోయిందని కాదు, వెతుక్కుంటున్నాడని.

అలాగని చెప్పిందల్లా నమ్మేయమనీ చెప్పను. మావాళ్లు 65నీ 71నీ కలిపేస్తారు. ఒక ఓడలో జరిగింది ఇంకో ఓడకి ఎక్కిస్తారు. మొహం మీద కాదనకు. "మీ సర్వీస్ సర్టిఫికెట్ ఒకసారి చూడొచ్చా" అని అడుగు. ఏ ఓడలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నాడో అందులో ఉంటుంది. పెట్టెలో ఫొటోలుంటే వెనక రాత చూడు, టోపీ రిబ్బను మీద అక్షరాలు చూడు. ఇంకో ఉపాయం కూడా ఉంది, ఇది నీ కంప్యూటర్లకి తట్టదు. పంచాంగం.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గర మునిగిన రాత్రి ఉంది కదా, 1971 డిసెంబర్ 3, శుక్రవారం, అర్ధరాత్రి దాటి పావుగంటకి పేలుడు. "ఆ రాత్రి చిమ్మచీకటి, కన్ను పొడుచుకున్నా కనబడలేదు" అని చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నిజానికి మార్గశిర పౌర్ణమి అంతకు ముందు రోజే. మబ్బు పట్టిందేమో నేను చెప్పలేను గానీ, అర్ధరాత్రికి చందమామ నడినెత్తిన ఉండాలి. బ్లాకౌట్ రోజుల్లో ఊళ్లో దీపాలు లేని చీకటి మనసులో ఉండిపోయి, పైనున్న చంద్రుడు మాయమైపోయాడు. అబద్ధం చెబుతున్నారని కాదు. అలాంటి చోట పక్కన చిన్న గుర్తు పెట్టుకో, అంతే.

తేదీల దగ్గర మగవాళ్లకన్నా ఆడవాళ్లు నయం. మీ అమ్మమ్మనే తీసుకో. అప్పటికి మాకు పెళ్లి కాలేదు, వాళ్లు బురుజుపేటలో ఉండేవారు. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వీధి. మార్గశిర గురువారాలంటే అక్కడ ఎలా ఉంటుందో నీకు తెలుసు. "పున్నమి, గురువారం కలిసొచ్చాయి, తెల్లవారుజామునే పసుపునీళ్లు పోసి వచ్చాం. ఆ మర్నాటి రాత్రి అటక మీది ఇత్తడి బిందె దొర్లి పడింది, మా నాన్న లేచి భూకంపం అని అరిచాడు" అంటుంది. లెక్క చూసుకో, సరిగ్గా సరిపోతుంది. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన 16వ తేదీ కూడా మార్గశిర గురువారమే. అదీ ఆవిడకి గుర్తే. కాబట్టి ఏ ఇంటికి వెళ్లినా ఆయన్ని ఒక్కణ్నే కూర్చోబెట్టి తలుపేసుకోకు. వంటింట్లోంచి వచ్చే మాటకి కూడా చెవి పెట్టు. నెలల తరబడి మొగుడు ఏ సముద్రంలో ఉన్నాడో తెలియక, మనియార్డరు వస్తే బతికే ఉన్నాడని అనుకున్న ఆడవాళ్లు వాళ్లు.

ఘాజీ గురించి నీకు పది రకాలుగా చెబుతారు. మనవాళ్ల మాట ప్రకారం, విక్రాంత్‌ని ముందే అండమాన్లకి పంపేసి, తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ని విక్రాంత్ అని భ్రమపడేలా చేశారు. విక్రాంత్ ఇక్కడే ఉందన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు, బజార్లో పెద్ద ఎత్తున సరుకులకి ఆర్డర్లు పెట్టించారు. ఆ రాత్రి రాజ్‌పుత్ రేవు దాటి బయటికి వస్తూ, జలాంతర్గామి ఆనవాలు తగిలితే నీళ్లలోపల పేలే డెప్త్ చార్జీలు రెండు వేసింది. ఘాజీ దాంతోనే పోయిందంటారు. పాకిస్తాన్ వాళ్లు ఒప్పుకోరు, తాము పరిచిన మైన్లే తమకి తగిలాయంటారు. పేలుడు లోపల జరిగిందనేవాళ్లు కూడా ఉన్నారు. తీర్పు చెప్పే పని నీది కాదు. నువ్వు ప్రతివాడి మాటా వాడు నిలబడ్డ చోటుతో సహా రాసుకో. నా మట్టుకు నేను ఒడ్డున, సర్కార్స్ అనే నేవీ స్థావరం బ్యారక్‌లో ఉన్నాను. కిటికీలు గలగలమన్నాయి. ఒకడు "బాంబు" అన్నాడు, ఒకడు "కాల్‌టెక్స్ పోయింది" అన్నాడు, రిఫైనరీ అంటుకుందని వాడి భయం. లేచాం, కూర్చున్నాం, మళ్లీ పడుకున్నాం. చరిత్రలో నా వాటా అంతే. అందుకని నన్ను ఆఖర్న పెట్టుకో.

ఒకటి మాత్రం మర్చిపోకు. ఆ జలాంతర్గామిలో 93 మంది ఉన్నారు. ఎవరైనా ఆ ముక్క నవ్వుతూ చెబితే నువ్వు నవ్వకు. మావాళ్లలో కూడా సముద్రం తెలిసినవాడెవడూ నవ్వడు.

మర్నాడు నీళ్ల మీద తేలుతున్న సామాను మొదట చూసి నేవీకి కబురు చేసింది మన జాలర్లు. వాళ్ల మాట ఎవరు రికార్డు చేశారు? వాళ్ల పిల్లలు పెదజాలారిపేటలోనూ, ఫిషింగ్ హార్బరు పక్కనా ఉంటారు. పొద్దున వెళ్తే వేటకి పోతారు, సాయంత్రం వల బాగుచేసుకునేటప్పుడు వెళ్లు. సరుకుల ఆర్డర్ల సంగతి కూడా అలాగే, వన్‌టౌన్ పూర్ణా మార్కెట్‌లో పాత కొట్ల వాళ్లని కదిపి చూడు. ఏమీ దొరక్కపోయినా నష్టం లేదు.

జాలర్ల మాట వచ్చింది కాబట్టి, ఇక తిట్లు. పడవ మాట్లాడుకుని ఘాజీ మునిగిన చోటు చూసొస్తానని మీ అమ్మతో అన్నావట! బుద్ధుందా? డిసెంబర్‌లో బంగాళాఖాతం ఎప్పుడు ఎలా ఉంటుందో వాతావరణం వాళ్లకే తెలియదు. చూడ్డానికి అక్కడ ఏముంది? నీళ్లు. ఒడ్డు నుంచి కనిపించే నీళ్లే. సముద్రం మీద బతికినవాడికే సముద్రం అంటే భయం ఎక్కువ, ఈ మాట నవ్వులాటకి తీసుకోకు. నీకు మూడేళ్లప్పుడు ఆర్కే బీచ్‌లో నా చెయ్యి విడిపించుకుని అలకి ఎదురు పరిగెత్తావు. గౌను కుచ్చిళ్లు దొరకబట్టి లాగాను, అవి చిరిగి నా చేతిలో ఉన్నాయి, నువ్వు కిలకిలా నవ్వుతున్నావు. ఓడలో తుఫానులు చూశాను గానీ ఆ రోజు వణికినట్టు ఎప్పుడూ వణకలేదు. మీ అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. పడవ ఎక్కనని నాకు మాటివ్వు. అదొక్కటే అడుగుతున్నాను, మిగతావన్నీ సలహాలే.

దానికి బదులు బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసురాలోకి వెళ్లు. చిన్నప్పుడు చూశాను కదా అనకు, ఇప్పుడు మళ్లీ వెళ్లు. 1969 డిసెంబర్ 18న సోవియట్ యూనియన్‌లో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకున్న జలాంతర్గామి. 71లో అది కూడా గస్తీకి వెళ్లింది. జనం లేని పూట చూసి టికెట్ తీసుకో. టార్పెడో రూములో, బంకుల మధ్య నిలబడి, డెబ్బై ఐదు మంది నెలల తరబడి ఇక్కడ తిన్నారు, పడుకున్నారు అని ఒక్కసారి అనుకో. రిటైరైన సబ్‌మెరైన్ వాళ్లే అక్కడ గైడ్లుగా ఉంటారు. పర్యాటకులకి చెప్పే పాఠం అయ్యాక, వాళ్లు టీ తాగేటప్పుడు మాట కలుపు. అసలు మాటలు అప్పుడే దొరుకుతాయి.

ఇంకో భయం ఉంది నాకు. ఇది నీ గురించి కాదు, వాళ్ల గురించి.

మన యుద్ధనౌక ఖుక్రీ పేరు నువ్వుగా ఎత్తకు. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాన్ని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదలకుండా దాంతోనే వెళ్లిపోయిన సంగతి అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. ఆ 176లో మా ట్రైనింగ్ బ్యాచీల మొహాలున్నాయి. నిమిషాల్లో మునిగిపోయిన ఓడలో కింది డెక్కుల్లో ఉన్నవాడికి మెట్లెక్కే వ్యవధి ఉంటుందా? మాలో ప్రతివాడూ తన ఓడలో తన బంకు దగ్గర నుంచి పైకి ఎన్ని మెట్లో ఆ నెలంతా లెక్కపెట్టుకున్నాడు. ఎవరైనా తమంతట తామే ఆ మాట తెస్తే రికార్డరు ఆపనా అని అడుగు. ఆపమంటే ఆపు. ఆపాక చెప్పింది రాయకు. ఏడిస్తే నీళ్లిచ్చి కూర్చో, ఓదార్పు మాటలు వెతుక్కోకు. ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరో ఒకరు తోడున్నారా లేదా చూసుకుని మరీ బయల్దేరు. పక్కరోజు ఫోన్ చెయ్యి. గుండె కదిపి లేచి వచ్చేస్తే, రాత్రంతా దాంతో గడిపేది వాళ్లు.

పోయిన అవకాశాల గురించి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. నేను చేరిన కొత్తలో ఒక చీఫ్ పెట్టీ ఆఫీసర్ ఉండేవారు, రాయల్ ఇండియన్ నేవీ రోజుల మనిషి. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ సిగ్నల్ స్కూల్లో తిండి దగ్గర మొదలైన సమ్మె రోజుల్లోనే ఓడల మీదికీ, కరాచీ దాకా పాకిపోయింది కదా, అప్పటికి ఆయన పద్దెనిమిదేళ్లవాడు. అడిగితే "ఆ ముక్క ఎత్తకురా, పని చూడు" అనేవారు. ఆ తిరుగుబాటులో చేరినందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఆయన భయం ఆయనది. రిటైరయ్యాక మాత్రం చెప్పేవారేమో. ఎవరూ వెళ్లలేదు. ఇప్పుడు ఆ తరం దాదాపు లేదు. వాళ్ల పిల్లలు దొరికితే అటక మీది ట్రంకు పెట్టెలు దింపించు. డిశ్చార్జి కాగితాలు చెదలు తినేలోపు ఫొటో తీసుకో.

చట్టం గురించి ఒక ముక్క. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్లకీ వర్తిస్తుంది. ఇప్పటి ఓడలు, ఇప్పటి స్థావరాలు, సంకేతాలు, ఇవేవీ అడక్కు. ఎవడైనా ఉత్సాహం కొద్దీ మొదలుపెడితే మాట మార్చు. డాక్‌యార్డ్ గేటు దగ్గర, సింధియా రోడ్డులో ఫోను బయటికి తీయకు.

భాష విషయం. రికార్డరు చూడగానే మావాళ్లు హిందీలోకో ఇంగ్లీషులోకో దూకుతారు, ఆఫీసర్ ముందు రిపోర్టిచ్చినట్టు. "తాతగారూ, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పండి" అను. అందరినీ తాతగారూ అనే పిలువు, సార్ అనకు. సార్ అంటే అటెన్షన్‌లోకి వెళ్లిపోతారు. తర్వాత రాసేటప్పుడు వాళ్ల శ్రీకాకుళం యాసని దిద్దకు.

ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో జాబితా వేసి పెట్టాను. మల్కాపురంలో ఒకాయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆయనే మొదట. 71లో టెలిగ్రాఫిస్టు, ఇప్పటికీ టేబులు మీద వేలితో మోర్స్ కొడుతూ ఉంటాడు. తర్వాత కంచరపాలెంలో ఒక వంటాయన, ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు, నువ్వొస్తున్నావంటే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. విజయనగరంలో ఒకావిడ ఉంది, భర్త ఉత్తరాలన్నీ దాచింది. ఆవిడ దగ్గరికి మీ అమ్మమ్మని వెంట తీసుకెళ్లు, నేను వస్తే నోరు విప్పదు. పేపర్లకి ఎక్కినవాళ్లూ సభల్లో శాలువాలు కప్పించుకున్నవాళ్లూ ఆఖర్న. వాళ్లెక్కడికీ పోరు, వాళ్ల కథలూ ఎక్కడికీ పోవు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరు. విశాఖ స్టేషన్ దాకా పోకు, దువ్వాడలో దిగితే మనింటికి దగ్గర. పొద్దున్నే ఆటోవాళ్లు ఎక్కువ అడుగుతారు, నేనే స్టేషనుకి వస్తాను. టికెట్టు తీశాక బోగీ, బెర్తు నంబర్లు మీ అమ్మమ్మకి వాట్సాప్ చెయ్యి. నాకు చెబితే మర్చిపోతాను.

తాతయ్య